కౌలాలంపూర్‌కు తక్కువ ఖర్చులో ఫ్లైట్ టికెట్: వెతకడం నుంచి ఇమిగ్రేషన్ దాకా కుటుంబాల కోసం పూర్తి వివరాలు

మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో విదేశీ ప్రయాణం అంటే ఒకప్పుడు ఉమ్రా, హజ్, లేదంటే గల్ఫ్‌లో ఉన్న అబ్బా దగ్గరికి వెళ్లి రావడం. ఇప్పుడు ఆ లిస్టులో మలేసియా కూడా చేరింది. హలాల్ భోజనం కోసం వెతుక్కోనక్కర్లేదు, నమాజుకు చోటు ప్రతిచోటా ఉంటుంది, ప్రయాణం నాలుగు గంటల పైచిలుకే. చదువుకునే పిల్లలు, అక్కడ ఉద్యోగం చేస్తున్న బంధువులు ఉన్న ఇళ్లూ తక్కువేం కాదు. బ్రిటిష్ కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు వాళ్ల వారసులు కూడా అక్కడ ఉన్నారు.

కానీ నలుగురు ఉన్న కుటుంబానికి టికెట్లు అంటే మొత్తం ట్రిప్పులో అదే పెద్ద ఖర్చు. నెలల తరబడి దాచుకున్న డబ్బు. స్క్రీన్ మీద కనిపించిన తక్కువ రేటు చూసి తొందరపడితే బ్యాగుకు వేరే, సీటుకు వేరే, పేరులో తప్పుకు వేరే కట్టాల్సి వస్తుంది. పేపర్లు సరిగా లేకపోతే ఏకంగా అక్కడి ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేస్తారు, అప్పుడు టికెట్ డబ్బు మొత్తం నీళ్లపాలే. అందుకే టికెట్ ఎలా వెతకాలి, ఎప్పుడు కొనాలి, ఏమేం చూసుకోవాలి అనేది వరుసగా ఇక్కడ ఇస్తున్నాం.

ఎక్కడి నుంచి ఎక్కడం మంచిది?

హైదరాబాద్ శంషాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు మలేసియా ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఏషియా నేరుగా ఫ్లైట్లు నడిపిన రూటు ఉంది. దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. తెలంగాణ వాళ్లకు, కర్నూలు వాళ్లకు ఇదే దగ్గర. కర్నూలు నుంచి వచ్చే హైవే శంషాబాద్ వైపు నుంచే వస్తుంది కాబట్టి సిటీలోకి వెళ్లే పని కూడా లేదు.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు మాత్రం చెన్నై రేట్లు తప్పకుండా చూడాలి. చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు నడిచే సంస్థలు ఎక్కువ, పోటీ ఎక్కువ, కాబట్టి తక్కువ రేటు దొరికే అవకాశమూ ఎక్కువే. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల రైలు ప్రయాణం, శంషాబాద్ అయితే రాత్రంతా ప్రయాణమే. అలాగే హిందూపురం, అనంతపురం, మదనపల్లె వాళ్లకు బెంగళూరు ఎయిర్‌పోర్టు దగ్గర. అది బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్లిలో ఉంది, అంటే మన వైపే.

విశాఖపట్నం నుంచి ఎయిర్ ఏషియా 2024 ఏప్రిల్‌లో కౌలాలంపూర్‌కు సర్వీసు మొదలుపెట్టింది. ఇలాంటి చిన్న ఎయిర్‌పోర్టుల రూట్లు సీజన్‌ను బట్టి ఆగుతాయి, మళ్లీ మొదలవుతాయి. వెళ్లే తేదీకి సర్వీసు ఉందో లేదో ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే చూసుకోండి. విశాఖ నుంచి స్కూట్ సంస్థ సింగపూర్‌కు నడుపుతుంది, అక్కడి నుంచి కౌలాలంపూర్ వెళ్లొచ్చు. అయితే దాంట్లో ఒక మెలిక ఉంది, కింద చెప్తాం.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోల్చేటప్పుడు టికెట్ రేటు ఒక్కటే చూడొద్దు. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు నలుగురికి రైలు లేదా కారు ఖర్చు, ఒక రాత్రి లాడ్జి పడితే ఆ ఖర్చు కూడా కలిపి చూడండి. తలకు రెండు వేలు తగ్గింది కదా అని చెన్నై వెళ్తే, కారు కిరాయికే ఎనిమిది వేలు అయిపోయిన సందర్భాలు ఉంటాయి.

రేటు ఎలా వెతకాలి?

మొదట గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ లాంటి వాటిలో చూడండి. ఇవి టికెట్ అమ్మేవి కావు, అన్ని రేట్లూ ఒకచోట చూపించేవి. వీటిలో క్యాలెండర్ లాగా నెల మొత్తం రేట్లు కనిపించే సదుపాయం ఉంటుంది. మీ తేదీలు రెండు మూడు రోజులు అటూ ఇటూ జరపగలిగితే అక్కడే పెద్ద తేడా కనిపిస్తుంది. శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం తిరిగొచ్చే టికెట్లకు గిరాకీ ఎక్కువ. వారం మధ్యలో వెళ్లి వారం మధ్యలో వచ్చేవి చాలాసార్లు తక్కువకు దొరుకుతాయి.

రూటు, తేదీ పెట్టి ప్రైస్ అలర్ట్ ఆన్ చేసుకోండి. రేటు పెరిగినా తగ్గినా మెయిల్ వస్తుంది. రెండు మూడు వారాలు గమనిస్తే ఈ రూటులో మామూలు రేటు ఎంత, నిజమైన తగ్గింపు ఎంత అనేది మీకే అర్థమవుతుంది. అది తెలియకుండా ఆఫర్ అని రాసిందల్లా ఆఫరే అనుకోవడం వల్లే నష్టం.

రేటు ఎంచుకున్నాక కొనేది మాత్రం వీలైతే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో లేదా యాప్‌లోనే కొనండి. వంద రెండొందలు ఎక్కువైనా పర్లేదు. ఫ్లైట్ టైమ్ మారినా, రద్దయినా, పేరు సరిచేయాలన్నా నేరుగా వాళ్లతోనే మాట్లాడొచ్చు. మధ్యలో ఏజెంట్ ఉంటే ఎయిర్‌లైన్ వాళ్లు ఏజెంట్‌ను అడగమంటారు, ఏజెంట్ ఎయిర్‌లైన్‌ను అడగమంటాడు.

మంగళవారం అర్ధరాత్రి కొంటే చౌక అనే మాట చాలామంది చెప్తారు. అలాంటి మంత్రం ఏమీ లేదు. రేటు ఎలా మారుతుందో తెలిస్తే చాలు.

ఒక్కరికి ఒక రేటు, నలుగురికి ఇంకో రేటు ఎందుకు?

ఎయిర్‌లైన్ ఒకే ఫ్లైట్‌లోని సీట్లను ఒకే రేటుకు అమ్మదు. కొన్ని సీట్లు అతి తక్కువ రేటుకు, కొన్ని దానిపై రేటుకు, ఇలా మెట్లు మెట్లుగా పెడుతుంది. కింది మెట్టు సీట్లు అయిపోతే పై మెట్టు రేటు కనిపిస్తుంది.

ఇక్కడ కుటుంబాలకు ఒక ముఖ్యమైన విషయం ఉంది. తక్కువ రేటులో రెండు సీట్లే మిగిలాయి అనుకోండి. మీరు నలుగురికి అని వెతికితే చాలా సిస్టమ్‌లు నలుగురికీ పై మెట్టు రేటే చూపిస్తాయి. అందుకే ముందు నలుగురికి, తర్వాత ఒక్కరికి, ఇద్దరికి కూడా వెతికి చూడండి. ఒక్కరికి చూపించే రేటు తక్కువగా ఉంటే రెండు బుకింగులుగా విడగొట్టి కొనుక్కోవచ్చు. అయితే ప్రతి బుకింగులో ఒక పెద్దవాళ్లు, ఒక పిల్లవాడు ఉండేలా చూసుకోండి. పిల్లల్ని విడిగా ఒక బుకింగులో పెట్టొద్దు. ఫ్లైట్ మారితే రెండు బుకింగులూ విడివిడిగా మారతాయి అనే సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మిగిలేది వెయ్యి రూపాయల లోపు అయితే ఈ తలనొప్పి అనవసరం.

ఇంకో సంగతి: ఎయిర్ ఏషియా లాంటి లోకాస్ట్ సంస్థలు వెళ్లడానికి, రావడానికి విడివిడిగా రేటు పెడతాయి. కాబట్టి వెళ్లేది ఒక సంస్థలో, వచ్చేది ఇంకో సంస్థలో కొన్నా నష్టం లేదు. మలేసియా ఎయిర్‌లైన్స్ లాంటి ఫుల్ సర్వీస్ సంస్థల్లో మాత్రం రానుపోను కలిపి కొంటేనే చాలాసార్లు లాభం.

ఏ నెలలు చౌక, ఏ నెలలు ఖరీదు?

మన వైపు రద్దీ తెలిసిందే. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా వేసవి సెలవులు, దసరా సెలవులు, సంక్రాంతి, డిసెంబర్ చివరి వారం. ఈ రోజుల్లో వెళ్లాలంటే మూడు నాలుగు నెలల ముందే చూడటం మొదలుపెట్టండి. స్కూళ్లు తెరిచిన తర్వాత జూలై, ఆగస్టు, దసరా అయ్యాక నవంబర్ కాస్త ఊపిరి పీల్చుకునే నెలలు.

అక్కడి రద్దీని మాత్రం చాలామంది మర్చిపోతారు. చైనీస్ కొత్త సంవత్సరం, తైపూసం, దీపావళి సమయాల్లో మలేసియాలోని చైనీయులు, భారతీయ మూలాల వాళ్లు పెద్ద ఎత్తున ప్రయాణాలు చేస్తారు. ఈద్‌ను అక్కడ హరి రాయ అంటారు. ఈద్ ముందు రోజుల్లో సిటీల్లో ఉండే వాళ్లంతా సొంతూళ్లకు బయల్దేరతారు, దాన్ని బాలిక్ కంపుంగ్ అంటారు. మన సంక్రాంతి రద్దీ లాంటిదే. ఆ వారంలో కౌలాలంపూర్ నుంచి పెనాంగ్, కెలంతన్ వైపు ఫ్లైట్లు, బస్సులు దొరకడమే కష్టం. ఈద్ మలేసియాలో చేసుకోవాలనుకుంటే లోపలి టికెట్లు కూడా ముందే కొనేయాలి. రంజాన్, ఈద్ ప్రతి ఏడాదీ ఇంగ్లిష్ క్యాలెండర్‌లో 10 లేదా 11 రోజులు ముందుకు జరుగుతాయి కాబట్టి నిరుటి తేదీలు చూసి ప్లాన్ వేయొద్దు.

తక్కువ రేటు వెనక అసలు లెక్క

ఇది అన్నింటికంటే ముఖ్యం. లోకాస్ట్ సంస్థ మామూలు రేటులో సీటు, 7 కిలోల క్యాబిన్ సామాను మాత్రమే ఉంటాయి. చెక్-ఇన్ బ్యాగు, సీటు ఎంపిక, భోజనం అన్నీ వేరే. ఫుల్ సర్వీస్ సంస్థ రేటులో భోజనం ఉంటుంది, చాలా ఫేర్లలో చెక్-ఇన్ బ్యాగు కూడా కలిసే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం అనుకున్న అంకెలే, ఈ రోజు రేట్లు కావు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, రానుపోను.

లోకాస్ట్ టికెట్ తలకు 15,000 అనుకుంటే నలుగురికి 60,000. రెండు బ్యాగులు, వెళ్లేటప్పుడు వచ్చేటప్పుడు, ఒక్కోదానికి 3,500 చొప్పున 14,000. పక్కపక్కన సీట్లకు తలకు 400 చొప్పున రెండు వైపులా 3,200. భోజనం అదే లెక్కన 3,200. కన్వీనియెన్స్ ఫీజు మొత్తం 2,000. కలిపితే 82,400.

ఫుల్ సర్వీస్ టికెట్ తలకు 20,000 అనుకుంటే నలుగురికి 80,000. బ్యాగు, భోజనం అందులోనే. ఫీజు 1,000 వేసుకున్నా 81,000. అంటే తలకు ఐదు వేలు ఎక్కువ కనిపించిన టికెట్టే చివరికి 1,400 తక్కువైంది.

ఇప్పుడు అదే కుటుంబం ఒకే బ్యాగు తీసుకెళ్లి, ఇంటి దగ్గరే తినేసి, సీట్లు ఎంచుకోకుండా వెళ్తే లోకాస్ట్ ఖర్చు 69,000కి దిగుతుంది. అప్పుడు 12,000 మిగులుతాయి. కాబట్టి ఏది చౌక అనేది మీ సామాను మీద ఆధారపడి ఉంటుంది. ముందు ఎన్ని కిలోలు తీసుకెళ్తున్నారో, తిరిగొచ్చేటప్పుడు షాపింగ్ వల్ల ఎంత పెరుగుతుందో అమ్మీతో, ఇంట్లో వాళ్లతో కూర్చుని తేల్చుకోండి. తర్వాత టికెట్ చూడండి.

బ్యాగు కొనాల్సి వస్తే టికెట్‌తో పాటే ఆన్‌లైన్‌లో కొనేయండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర అదే బరువుకు చాలా ఎక్కువ పడుతుంది. 7 కిలోల నియమం పేరుకే కదా అనుకోవద్దు, తూకం వేస్తారు. ఆవకాయ, నెయ్యి లాంటివి క్యాబిన్ బ్యాగులో పెట్టొద్దు, 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు సెక్యూరిటీలో ఆపేస్తారు. మాంసంతో చేసిన పచ్చళ్లు, వేపుళ్లు అసలు తీసుకెళ్లకపోవడమే మంచిది. పవర్ బ్యాంక్ మాత్రం క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి.

పేమెంట్ చేసేటప్పుడు

విదేశీ ఎయిర్‌లైన్ సైట్‌లో ధర రూపాయల్లోనే ఉందా అని చూసుకోండి. రింగిట్‌లోనో డాలర్లలోనో కడితే మీ కార్డు బ్యాంకు విదేశీ లావాదేవీ ఛార్జీ వేస్తుంది. చాలా కార్డులకు అది 2 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది. 80,000 మీద 3.5 శాతం అంటే 2,800 రూపాయలు, దాని మీద జీఎస్టీ అదనం. ఎకానమీ టికెట్ మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, అది రేటులో కలిసి ఉందో చివర్లో కలుస్తుందో కూడా చూడండి. ఏ సైట్ అయినా చివరి పేజీలో కనిపించే మొత్తాన్నే పోల్చాలి.

చాలామందిని కన్‌ఫ్యూజ్ చేసేది టీసీఎస్. టూర్ ఆపరేటర్ దగ్గర టికెట్, హోటల్ కలిపి విదేశీ టూర్ ప్యాకేజీగా కొంటే, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆయన మీ దగ్గర టీసీఎస్ వసూలు చేయాలి. కేవలం ఇంటర్నేషనల్ టికెట్ మాత్రమే కొంటే అది ప్యాకేజీ కాదు అని 2023లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ద్వారా స్పష్టం చేసింది. కాబట్టి ఉత్త టికెట్‌కు ఎవరైనా టీసీఎస్ అంటే అడగండి. ప్యాకేజీకి కట్టిన టీసీఎస్ పోయినట్టు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసి సర్దుబాటు లేదా రీఫండ్ తీసుకోవచ్చు. రేటు బడ్జెట్లలో మారుతుంటుంది, కొనే రోజు రేటు అడిగి బిల్లులో రాయించుకోండి. పాన్ నంబర్ తప్పు లేకుండా ఇవ్వండి.

వీలుంటే క్రెడిట్ కార్డుతో కట్టండి. మలేసియాకు చెందిన మైఎయిర్‌లైన్ అనే లోకాస్ట్ సంస్థ 2023 అక్టోబర్‌లో ఉన్నట్టుండి ఫ్లైట్లు ఆపేసింది. అదే ఏడాది మే నెలలో మన దేశంలో గో ఫస్ట్ ఆగిపోయింది. ఇలాంటప్పుడు కార్డుతో కట్టిన వాళ్లు బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్ అడిగే దారి ఒకటి ఉంటుంది. ఏజెంట్ చేతిలో నగదు పెట్టిన వాళ్లకు ఆ దారి ఉండదు.

పేరు: మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. మన పేర్లతో వచ్చే చిక్కులు చూడండి.

ఆధార్‌లో ఎస్‌కే, పాస్‌పోర్టులో షేక్. ఓటర్ కార్డులో ఎండీ, పాస్‌పోర్టులో మొహమ్మద్. అబ్బా పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగ్, కొడుకు పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. బేగం, బీ, సుల్తానా అనేవి ఒక కాగితంలో ఉంటాయి, ఇంకో దాంట్లో ఉండవు. టికెట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు ఒక్కటే చూడండి, మిగతావన్నీ పక్కన పెట్టండి. సర్‌నేమ్ అని పాస్‌పోర్టులో ఏముందో అదే లాస్ట్ నేమ్. ఇంట్లో పిలిచే పద్ధతి, ముందు వెనక అనే ఆలోచన అక్కర్లేదు. పాస్‌పోర్టు సర్‌నేమ్‌లో షేక్ అని ఉంటే, పిలిచేటప్పుడు ముందొచ్చినా సరే, టికెట్‌లో లాస్ట్ నేమ్ షేకే.

కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. బుకింగ్ ఫారం మాత్రం లాస్ట్ నేమ్ లేకుండా ముందుకు పోదు. అప్పుడు ఏం చేయాలనేది ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది. కొన్ని అదే పేరును రెండు గళ్లలోనూ రాయమంటాయి, కొన్ని వేరే పద్ధతి చెప్తాయి. ఊహించి రాయకుండా ఆ సంస్థ హెల్ప్ పేజీలో చూసి లేదా చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ దాచుకుని బుక్ చేయండి. తరచూ విదేశాలకు వెళ్లే ఉద్దేశం ఉంటే పాస్‌పోర్టును మళ్లీ తీసుకుని సర్‌నేమ్ విడగొట్టించుకోవడమే శాశ్వత పరిష్కారం.

బుక్ అయిన వెంటనే టికెట్ తెరిచి అందరి పేర్లూ చదవండి. తప్పు ఉంటే 24 గంటల్లోపు చెప్పేయండి, అప్పుడు సరిదిద్దడం తేలిక. ఒకరి టికెట్ ఇంకొకరి పేరు మీదకు మార్చడం మాత్రం కుదరదు.

పిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు

రెండేళ్ల లోపు పాపకు ఒళ్లో కూర్చోబెట్టుకునే ఇన్‌ఫెంట్ టికెట్ తక్కువకు వస్తుంది, కానీ పాపకూ సొంత పాస్‌పోర్టు ఉండాలి. తిరుగు ప్రయాణం లోపు రెండేళ్లు నిండితే తిరిగొచ్చేటప్పుడు సీటు టికెట్ కొనాలి. నానీ, దాదా లాంటి పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలంటే బుకింగ్‌లోనే లేదా కనీసం రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పాలి. గర్భిణులు సాధారణంగా 28 వారాలు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ చూపించాలి, చివరి వారాల్లో ఎక్కించుకోరు. వారాల లెక్క తిరుగు ప్రయాణం తేదీకి కూడా వేసుకోండి.

మలేసియా సంస్థల ఫ్లైట్లలో హలాల్ భోజనానికి ఇబ్బంది ఉండదు. వేరే దేశం ఫుల్ సర్వీస్ సంస్థలో వెళ్తుంటే బుకింగ్‌లో ముస్లిం మీల్ ఎంచుకోండి, దాని కోడ్ ఎం-ఓ-ఎం-ఎల్. ఫ్లైట్‌కు 24 గంటల ముందే పెట్టేయాలి.

రెండు టికెట్లు కలిపి వెళ్లే వాళ్లకు హెచ్చరిక

సింగపూర్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి కౌలాలంపూర్‌కు విడిగా ఇంకో టికెట్. చూడ్డానికి చౌక. పైన చెప్పిన మెలిక ఇదే. రెండూ ఒకే బుకింగ్ కాకపోతే బ్యాగు మీరే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావొచ్చు. అంటే ఇమిగ్రేషన్ దాటి సింగపూర్‌లోకి అడుగుపెట్టాలి, భారతీయ పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా కావాలి. వీసా లేకపోతే ఇక్కడి కౌంటర్‌లోనే ఆపేస్తారు. పైగా మొదటి ఫ్లైట్ లేటైతే రెండో ఫ్లైట్ డబ్బులు ఎవరూ ఇవ్వరు. ఒకే బుకింగ్ నంబర్ మీద కనెక్షన్ ఉంటే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. లంకావి, పెనాంగ్ వెళ్లాలన్నా వీలైతే హైదరాబాద్ నుంచే ఒకే టికెట్‌గా వెతకండి. విడిగా కొంటే మధ్యలో కనీసం నాలుగైదు గంటలు ఉంచుకోండి.

ఇంకోటి, తేదీ. మన దగ్గర నుంచి చాలా ఫ్లైట్లు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. 15వ తేదీ 12:30 అని ఉంటే 14వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టుకు చేరాలి. మలేసియా టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది, హోటల్ బుకింగ్ ఆ లెక్కన చేసుకోండి.

వీసా, ఎంట్రీ కాగితాలు

భారతీయులకు 2023 డిసెంబర్ 1 నుంచి మలేసియా 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చింది. ఈ సదుపాయాన్ని 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించింది. టికెట్ కొనే ముందు అధికారిక సైట్‌లో మరోసారి చూసుకోండి. వీసా అక్కర్లేదంటే కాగితాలు అక్కర్లేదని కాదు. ఇవి చేతిలో ఉండాలి:

పాస్‌పోర్టు చేరే తేదీ నుంచి కనీసం ఆరు నెలలు చెల్లాలి. తిరుగు టికెట్ ఉండాలి. హోటల్ బుకింగ్ లేదా బంధువుల చిరునామా, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు ఆధారం చూపించగలగాలి. 2024 జనవరి 1 నుంచి మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరే తేదీకి ముందు మూడు రోజుల లోపు ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో పిల్లలతో సహా ఒక్కొక్కరికి విడిగా నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే సైట్ ఏదైనా అది అసలు సైట్ కాదు.

ఇమిగ్రేషన్ అధికారికి అనుమానం వస్తే లోపలికి అనుమతించకుండా వెనక్కి పంపే అధికారం ఆయనకుంది. అందుకే ఏజెంట్లు ఇచ్చే డమ్మీ రిటర్న్ టికెట్, డమ్మీ హోటల్ బుకింగ్ జోలికి పోవద్దు.

ముఖ్యంగా యువకులకు ఒక మాట. టూరిస్టుగా వెళ్లండి, అక్కడికి పోయాక వర్క్ పర్మిట్ ఇప్పిస్తాం అని చౌక టికెట్‌తో కలిపి ఆఫర్ ఇచ్చేవాళ్లను నమ్మొద్దు. ఈ 30 రోజుల ప్రవేశం మీద పని చేయడం అక్కడ నేరం. మలేసియా మన ప్రభుత్వం ఈసీఆర్ దేశాల జాబితాలో ఉంది, అంటే పదో తరగతి పాస్ కాని ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. చుట్టపుచూపుగా వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టు పెద్దవాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు, కానీ తిరుగు టికెట్ చూపించాలి. చదువుకు వెళ్లే పిల్లలు కూడా ఈ సదుపాయం మీద వెళ్లకూడదు, స్టూడెంట్ పాస్ అనుమతి వచ్చాకే టికెట్ కొనాలి.

ఏజెంట్ దగ్గర కొంటే

ఊళ్లో తెలిసిన ఏజెంట్ దగ్గర కొనడం తప్పేం కాదు. ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడి పని చేసిపెడతాడు. కానీ డబ్బు ఇచ్చాక పీఎన్ఆర్ తీసుకుని ఎయిర్‌లైన్ సైట్‌లో మీ పేరుతో మీరే చెక్ చేయండి. ఫుల్ సర్వీస్ సంస్థల్లో పీఎన్ఆర్ ఒక్కటే చాలదు, అది ఉత్త హోల్డ్ కావొచ్చు. 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉంటేనే టికెట్ నిజంగా కొన్నట్టు. మీ ఫోన్ నంబర్, మీ మెయిలే బుకింగ్‌లో పెట్టించండి, లేకపోతే ఫ్లైట్ టైమ్ మారిన మెసేజ్ ఏజెంట్‌కు పోతుంది, మీకు తెలియదు.

రద్దు చేసుకుంటే డీజీసీఏ నిబంధనల ప్రకారం క్యాన్సిలేషన్ ఛార్జీ బేసిక్ ఫేర్, ఫ్యూయల్ సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. నాన్ రిఫండబుల్ టికెట్ అయినా ఎయిర్‌పోర్టు ఫీజులు, పన్నులు వెనక్కి రావాలి. ఏజెంట్ ద్వారా కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విదేశీ సంస్థలకు మాత్రం వాళ్ల దేశం రీఫండ్ నిబంధనలు వర్తిస్తాయి. జవాబు రాకపోతే విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో, లేదా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

దిగిన తర్వాత ఖర్చు కూడా టికెట్ లెక్కలోదే

కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు సిటీలో లేదు, 50 కిలోమీటర్ల పైనే దూరంలో సెపాంగ్‌లో ఉంది. ఎయిర్ ఏషియా టెర్మినల్ 2లో, మలేసియా ఎయిర్‌లైన్స్ టెర్మినల్ 1లో దిగుతాయి. రెండింటి మధ్య రైలుకు 2 రింగిట్‌లు, మూడు నిమిషాలు. సిటీలోని కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు టెర్మినల్ 1 నుంచి 28 నిమిషాల్లో చేరుస్తుంది, పెద్దవాళ్లకు 55 రింగిట్‌లు. బస్సు దానికంటే బాగా చౌక, గంటకు పైగా పడుతుంది. నలుగురు ఉంటే గ్రాబ్ యాప్‌లో కారు తీసుకోవడం రైలు కంటే లాభం. అర్ధరాత్రి దాటాక దిగే ఫ్లైట్ అయితే రైలు ఉండదు, కారే గతి. ప్రతి టెర్మినల్‌లోనూ నమాజు గది ఉంది, సురావు అనే బోర్డు చూసి వెళ్లండి.

కొనే ముందు ఒక్కసారి

డబ్బు కట్టే బటన్ నొక్కే ముందు ఈ ఏడు చూసుకోండి. పాస్‌పోర్టుల గడువు ఆరు నెలలు దాటి ఉందా. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా. తేదీ అర్ధరాత్రి లెక్క సరిపోయిందా. బ్యాగులు, భోజనం కలిపి మొత్తం ఎంత. ధర రూపాయల్లోనే ఉందా. రెండు ఫ్లైట్లు అయితే ఒకే బుకింగా. వీసా నియమం ఈ రోజుకీ అలాగే ఉందా.

ఏడింటికీ అవునన్న జవాబు వస్తే, ప్రైస్ అలర్ట్‌లో చూసిన మామూలు రేటు కంటే తక్కువ కనిపిస్తే, ఇంకా తగ్గుతుందేమో అని వారాల తరబడి ఎదురుచూడకుండా కొనేయండి. కొన్నాక మళ్లీ రేట్లు చూడటం మానేసి పిల్లల సామాను సర్దుకునే పని మొదలుపెట్టండి.